మూడు సీసాల అబద్ధం

పోయిన వారం ట్రయల్ సిస్టర్ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కూర్చుని ఉండగా మనం ఆమెను వదిలి వచ్చాం. రెండు కాగితాలూ ఒకే మనిషివి. పోయిన నెల ఒకే రోజు, అరగంట తేడాతో తీసిన నమూనాలవి. మూత్రం కాగితంలో చక్కెరకు ఎదురుగా నాలుగు ప్లస్సులు. రక్తం కాగితంలో చక్కెర ఎంత ఉండాలో అంతే ఉంది, పిసరంత కూడా ఎక్కువ లేదు.

ఆ మనిషి ఎవరో మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు తెలుసు. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. బేకరీలో పనిచేస్తుంది కాబట్టి ఆసుపత్రిలో అందరూ ఆమెను కేకులమ్మాయి అంటారు. ఇరవై తొమ్మిదేళ్లు. నవ్వుతూ మాట్లాడుతూ ఉండగానే ఆమె గుండె నాలుగైదు సెకన్లు కొట్టుకోవడం మానేస్తుంది. మనిషి ఉన్నచోటే కుప్పకూలిపోతుంది. తీగ ఉన్న మామూలు పేస్‌మేకర్ ఒకసారి పెట్టారు. తీగ వెళ్లిన దారంతా చీము పట్టడంతో తీసేయాల్సి వచ్చింది. అందుకే, గుండెలోకి తీగ వెళ్లక్కర్లేని కొత్త పరికరం మీద ఈ ఆసుపత్రిలో ట్రయల్ జరుగుతోందని తెలిసి వచ్చి చేరింది. రొమ్ము ఎముక పక్కన చర్మం కింద పెట్టే బిళ్ల అది. గుండె ఆగితే కనిపెట్టి, బయటినుంచే చిన్న విద్యుత్ తట్టు తట్టి మళ్లీ నడిపిస్తుంది.

ట్రయల్ అన్నాక షరతులుంటాయి. చేరినవాళ్లలో సగం మందికే మొదటి ఏడాది ఆ తట్టు పనిచేస్తుంది. మిగతా సగం మందికి బిళ్ల గుండె కొట్టుకోవడాన్ని రాసుకుంటుందే తప్ప ఇంకేమీ చేయదు. ఎవరిది ఏదో పెట్టించుకున్నవాళ్లకూ తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు. ఆడవాళ్లకు ఇంకో షరతు కూడా ఉంది. గర్భం ఉండకూడదు. నెలనెలా మూత్ర పరీక్ష చేస్తారు.

కేకులమ్మాయికి ఆ పరీక్ష ప్రతినెలా ‘లేదు’ అనే వస్తోంది. ప్రతిసారీ కాగితం అడుగున ‘నమూనా నా ఎదుటే ఇచ్చారు’ అన్న చోట సంతకం పెట్టింది ట్రయల్ సిస్టరే. ఎదుట మాత్రం ఎప్పుడూ లేదు. ఒక ఆడపిల్ల బాత్రూముకు వెళుతుంటే వెనకాలే వెళ్లి నిలబడటం ఏం బాగుంటుందని, తలుపు వేసుకోనిచ్చి, సీసా బల్ల మీదికి వచ్చాక సంతకం గీకేసేది. ఇప్పుడు ఆ సంతకాలు ఒక్కొక్కటీ ఆమె వైపు గుడ్లురిమి చూస్తున్నాయి.

“ఇంకా వెళ్లలేదేంటి సిస్టరమ్మా?” అంటూ గ్రాఫు మాస్టారు తలుపులోంచి తొంగిచూశాడు. ఆయన గుండె గ్రాఫులు తీసే టెక్నీషియనే, బడిలో ఎప్పుడూ పాఠాలు చెప్పలేదు. గుండె గ్రాఫు కాగితం చేతికొస్తే చాలు, ఎదురుగా ఉన్నది రోగి అయినా, ఊడ్చే మనిషి అయినా, పెన్సిలు తీసి ప్రతి గీతా వివరించనిదే వదలడు. అందుకని మాస్టారయ్యాడు.

“మాస్టారూ, కేకులమ్మాయి గ్రాఫు ఒకసారి తీస్తారా? బిళ్ల పెట్టినప్పటినుంచీ.”

“గుండె ఆగిన క్షణాల పేజీ మనకు రాదు తల్లీ. అది చూస్తే ఎవరి బిళ్ల పనిచేస్తోందో తెలిసిపోతుందని దానికి తాళం వేశారు. రోజువారీ వేగం మాత్రం చూపించగలను.”

“అదే చాలు.”

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకున్నాడు. “నిద్రలో ఉన్నప్పుడు చూద్దాం. అప్పుడైతే కంగారూ పరుగూ ఉండవు. మొదటి నెల నిమిషానికి అరవై రెండు. తర్వాత అరవై ఏడు. డెబ్బై రెండు. డెబ్బై ఏడు. ఇప్పుడు ఎనభై.” పెన్సిలుతో తెర మీద మెట్లు గీసి చూపించాడు. “జ్వరమైతే ఎక్కినది దిగాలి. బెంగైతే నిద్రలోనైనా తగ్గాలి. ఇది మాత్రం నింపాదిగా మేడ ఎక్కుతోంది.”

“ఎందుకు ఎక్కుతోందంటారు?”

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “మా అమ్మాయి చేతికి గుండె వేగం చూపించే గడియారం పెట్టుకునేది. రెండోసారి నెల తప్పినప్పుడు అందులో సరిగ్గా ఇలాగే...” అని ఆగిపోయాడు.

సిస్టర్ రెండు కాగితాలూ మడిచి ఫైల్లో పెట్టింది. “రేపు పొద్దున్న ఆ అమ్మాయి రావాల్సిన రోజు. మీరు కాస్త దగ్గరలో ఉండండి మాస్టారూ” అంది.

* * *

మర్నాడు పది గంటలకు కేకులమ్మాయి వచ్చింది. పొద్దున నాలుగు పొయ్యిల రొట్టె దించి వచ్చిందేమో, గది నిండా వెనిల్లా వాసన పరుచుకుంది. వదులుగా ఉన్న చొక్కా వేసుకుంది. వెనకే చేతిలో పెద్ద గుడ్డ సంచీతో అత్తగారు వచ్చి, అలవాటైన మనిషిలా బయటి బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. ఐదు నెలలుగా కోడలు ఎప్పుడొచ్చినా అత్తగారు తోడు రావడం చూసి, ‘ఎంత ప్రేమో’ అని సిస్టర్ మనసులో మెచ్చుకునేది కూడా.

పరీక్ష గది చిన్నది. గోడకానుకుని కాగితం చుట్ట పరిచిన మంచం, దాని పక్కన మానిటర్, బిళ్లతో మాట్లాడే కంప్యూటర్, మూలన ఎవరెక్కినా అరకిలో ఎక్కువే చూపించే తూకం. సిస్టర్ మూత ఉన్న ఖాళీ సీసా తీసి కేకులమ్మాయి చేతికిచ్చింది.

“పద. ఈసారి నేను కూడా లోపలికి వస్తాను.”

కేకులమ్మాయి నవ్వబోయి ఆగింది. “అదేంటి సిస్టర్? నాకు సిగ్గుగా ఉండదూ?”

“ఇక్కడికి రాకముందు పదకొండేళ్లు ప్రసూతి వార్డులో పనిచేశాను. నా సిగ్గు అప్పుడే పోయింది. నీకుంటే చెప్పు, కళ్లు మూసుకుంటాను.”

ఆ అమ్మాయి చూపు తలుపు దాటి బెంచీ మీది సంచీ దాకా వెళ్లి వచ్చింది. అత్తగారు అప్పటికే లేచి నిలబడింది. “ముందు నేను వెళ్లొస్తానమ్మా. ఆగలేకపోతున్నా” అంది, సంచీ గుండెలకు అదుముకుని.

“రండి పెద్దమ్మా. ముగ్గురం కలిసే వెళదాం” అంది సిస్టర్.

ఎవరూ కదల్లేదు. సిస్టర్ అత్తగారిని లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, ఫైల్లోంచి రెండు కాగితాలూ తీసి మంచం మీద పరిచింది. గట్టిగా అనాలనుకున్నది కూడా గొంతులో మెత్తబడిపోయింది.

“ఈ మూత్రం ఎవరిది?”

కేకులమ్మాయి కాగితాల వైపు చూడలేదు. చేతిలో సీసా మూత తిప్పుతూ, విప్పుతూ, మళ్లీ బిగిస్తూ ఉండిపోయింది. చివరికి అత్తగారే సంచీ మంచం మీద పెట్టి, అందులోంచి పాత తువ్వాలులో చుట్టిన చిన్న సీసా తీసి, దాని పక్కన నిలబెట్టింది.

“నాది. ఇదీ నాదే, అంతకుముందు మూడూ నావే. దాన్నేమీ అనకండమ్మా. ఈ ఆలోచన నాది.” ఆమె మెడ నిటారుగానే ఉంది. “నేను గర్భవతిని కానని ఈ ఆసుపత్రి నాకు మూడుసార్లు కాగితం మీద రాసిచ్చింది. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, నాకైతే ఎప్పుడూ అనుమానం లేదు.”

ఇంకో రోజయితే సిస్టర్ పడీపడీ నవ్వేది. ఇప్పుడు నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది. “పెద్దమ్మా, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తారు మీరు?”

“అదెందుకిప్పుడు? మూడుసార్లు. ఒక్కోసారి నాలుగు.”

“దాహం?”

“ఉంటుంది. వయసు కదా.”

“వయసు కాదు. మీకు చక్కెర జబ్బుంది. నాలుగు ప్లస్సులు. మీ కోడలి రక్తంలో చక్కెర ఎక్కువ లేదు, మూత్రంలో మాత్రం ఉంది. దాంతోనే నాకు అనుమానం వచ్చింది.”

అత్తగారు మంచం అంచున మెల్లగా కూర్చుంది. “నాకా?” అని కోడలి వైపు చూసింది. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “దొంగతనానికి వెళ్లి సొంత జబ్బు మోసుకొచ్చానన్నమాట” అంది అత్తగారు కాసేపటికి. గొంతులో నవ్వుందో ఏడుపుందో ఎవరికీ తెలియలేదు.

“మీ సంగతి తర్వాత చూస్తాను, తప్పకుండా చూస్తాను.” సిస్టర్ కేకులమ్మాయి వైపు తిరిగింది. “ఎన్ని వారాలు?”

“పద్దెనిమిది.”

పద్దెనిమిది! నడక చూసి నెల చెప్పగలదని వార్డులో పేరు తెచ్చుకున్న మనిషి తను. ఈ అమ్మాయి తన కళ్లముందే నెలకోసారి ఈ మంచం ఎక్కి దిగింది. చూడకపోవడమేంటి? కాగితాలు నింపే పనిలో పడి మనుషుల్ని చూడటం మానేసిందా తను? సిస్టర్‌కు అవతలివాళ్ల మీద రావాల్సిన కోపం తన మీదికే మళ్లింది.

“మీ ఆయనకు తెలుసా?”

“తెలీదు” అన్నారు అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి.

“మావాడు లారీ మీద వెళితే పది రోజులకు గానీ రాడు” అంది అత్తగారు. “చెబితే వద్దంటాడు. పోయినసారి వాణ్ణి మీరు చూడలేదు కదమ్మా. పిల్లలొద్దు ఏమొద్దు, అది బతికుంటే చాలని గోడకు తల ఆనించి ఏడ్చాడు. అంత మగాడు.”

కేకులమ్మాయి సీసా కింద పెట్టింది. మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం ఆపలేదు.

“మొదటి కడుపు నాకు తెలిసేలోపే, ఇలాగే పడినప్పుడు పోయింది సిస్టర్. రెండోది ఐదో నెల. పొయ్యిలోంచి ట్రే లాగుతున్నా. అంతవరకే గుర్తు. కళ్లు తెరిచేసరికి కింద ఉన్నా, పొట్ట బల్ల అంచుకు కొట్టుకుందని చెప్పారు. ఇదిగో, చెయ్యి ఇక్కడ కాలింది, అది నాకు నొప్పి కూడా తెలీలేదు. అప్పుడు ఈ బిళ్ల లేదు. ఇది పెట్టాక ఐదు నెలలు. ఒక్కసారి పడలేదు! ఇంతకుముందు నెలకు రెండుసార్లయినా పడేదాన్ని. నాది నడిచే బిళ్లే. మీరు చెప్పకూడదని తెలుసు. మీకు తెలీదని కూడా తెలుసు. నాకు మాత్రం తెలుసు.”

“గర్భం వస్తే ఏం చేయాల్సి వస్తుందో చేరేటప్పుడే చెప్పాను కదమ్మా.”

“చెప్పారు. తట్టు ఆపేస్తామన్నారు. అందుకే చెప్పలేదు.”

“ఆ తట్టు కడుపులో బిడ్డకు ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. అందుకే ఆ షరతు.”

“ఎందుకు తెలీదు?”

“గర్భిణుల మీద ఎప్పుడూ పరీక్షించలేదు కాబట్టి.”

“ఎందుకు పరీక్షించలేదు?”

“ఏం చేస్తుందో...” అని సిస్టర్ ఆగిపోయింది. ఏం చేస్తుందో తెలీదు కాబట్టి. అదే జవాబు. శిక్షణ ఇచ్చిన రోజు ఇదే మాట తను నోట్సులో రాసుకుంది. ఎంతోమందికి తనే వివరించింది కూడా. ఇన్నాళ్లూ అది గుండ్రంగా తిరిగి ఉన్నచోటికే వస్తోందని ఆమెకు తట్టలేదు.

“పడితే ఏమవుతుందో నాకు తెలుసు సిస్టర్. రెండుసార్లు తెలిసింది. తట్టితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. తెలిసిన చావుకన్నా తెలియనిదే నయమనుకున్నా. తప్పా?”

సిస్టర్ దగ్గర ఉన్నది ఒక ఫోను, ఒక నియమం. గర్భం ఉందని తెలిసిన క్షణంలో ట్రయల్ చూసే పెద్ద డాక్టరుకు చెప్పి తీరాలి.

“ఒక్కరోజు ఆగలేరా అమ్మా?” అంది అత్తగారు. “మావాడు రేపొస్తాడు. వాడితో ఒక్కమాట...”

“ఆగలేను పెద్దమ్మా. చూడకుండా సంతకాలు పెట్టి ఇప్పటికే మూడు నెలలు ఆగాను.”

పెద్ద డాక్టరు అవతలి భవనంలో ఏదో సమావేశంలో ఉన్నాడు. సిస్టర్ చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఆమె అనుకున్నదే.

“నమూనా ఎదురుగా ఇచ్చినట్టు సంతకం ఎవరిది?”

“నాదే సార్.”

“అది తర్వాత మాట్లాడదాం. ముందు తట్టు ఆపించండి. బిళ్ల ఏ గుంపుదో చూడకుండా ఆపలేం కాబట్టి తాళం తీసే నంబరు చెబుతాను, మాస్టారిని రాసుకోమనండి. నేను ఇరవై నిమిషాల్లో వస్తాను. నేను వచ్చేదాకా అమ్మాయిని మంచం మీదినుంచి కదలనివ్వకండి.”

మాస్టారు వచ్చాడు. నంబరు అరచేతి మీద రాసుకున్నాడు. కేకులమ్మాయి మంచం మీద పడుకుంది, ఇక వాదించలేదు. ఛాతీ మీద మానిటర్ తీగలు అంటిస్తుంటే కళ్ల చివర్లనుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. అత్తగారు వంగి కొంగుతో తుడిచింది. మాస్టారు చేతిలో ఇమిడే గుండ్రటి పరికరాన్ని ఆ అమ్మాయి రొమ్ము ఎముక పక్కన బోర్లించి, తెర వైపు తిరిగాడు. తాళం నంబరు ఒక్కొక్క అంకే చూసుకుంటూ కొట్టాడు.

ఎప్పుడూ ఏదో ఒకటి వివరిస్తూ ఉండే మనిషి. ఏమీ మాట్లాడటం లేదు.

“మాస్టారూ?” అంది సిస్టర్.

“ఆపేశారా?” అంది కేకులమ్మాయి పైకప్పు వైపు చూస్తూ. “నాకేం తెలీలేదే.”

“లేదమ్మా” అన్నాడు మాస్టారు. సిస్టర్‌ను దగ్గరికి రమ్మని సైగ చేసి తెర మీద వేలు పెట్టాడు. తట్టుకు ఎదురుగా ఒకే మాట ఉంది. ‘ఆపి ఉంది.’ దాని పక్కన తేదీ ఉంది, బిళ్ల పెట్టిన రోజుది.

ఆపడానికి ఏమీ లేదు. అది ఏ రోజూ నడవలేదు.

సిస్టర్ ఆ మాటను రెండుసార్లు చదివింది. అయితే ఈ ఐదు నెలలూ? మాస్టారు అప్పటికే తాళం తీసిన పేజీ తెరిచాడు. గుండె ఆగిన క్షణాలన్నీ అక్కడ వరసగా ఉన్నాయి. ఒక్కటి కాదు, రెండు కాదు, ఇరవై మూడు. అన్నీ నిద్రలో, తెల్లవారకముందు. రెండో నెలలో నాలుగు సెకన్లు. మూడో నెలలో ఆరు. పోయిన ఆదివారం తొమ్మిది.

“పడలేదని మనం సంబరపడుతున్నాం” అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. “పడుకుని ఉన్న మనిషి ఇంకెక్కడికి పడుతుంది?”

“తాళం వేసిన పైవాళ్లు ఇవి చూడరా?”

“పన్నెండు సెకన్లు దాటితేనే వాళ్లకు గంట మోగుతుంది. ఇది దాని వైపే నడుస్తోంది.”

“నాకూ వినపడేలా మాట్లాడండి” అంది కేకులమ్మాయి. మోచేతుల మీద లేవబోయింది. “మీ మొహాలు చూస్తే భయమేస్తోంది.”

చెప్పాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిన సంగతి. కాని మంచం మీద పడుకున్న మనిషి కళ్లు సిస్టర్ మొహాన్నే పట్టుకుని ఉన్నాయి. ఈ గదిలో అబద్ధం ఆడినవాళ్లు ముగ్గురు, చూడకుండా సంతకాలు పెట్టిన తనతో కలిపి. ఇంకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. సిస్టర్ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

“నీది నడిచే బిళ్ల కాదమ్మా. మొదటినుంచీ రాసుకోవడమే. నిన్ను ఇన్నాళ్లూ కాపాడింది అది కాదు.”

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ముందు ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు. తర్వాత చెయ్యి ఛాతీ మీదికి వెళ్లి, చర్మం కింద గట్టిగా తగిలే ఆ బిళ్లను తడిమింది.

“మరి పడలేదుగా?”

“నిద్రలో ఆగుతోంది. తొమ్మిది సెకన్ల దాకా.”

“పక్కనే పడుకుంటున్నానే!” అంది అత్తగారు. “హాయిగా నిద్రపోతోంది, మనవడో మనవరాలో లోపల హాయిగా పెరుగుతున్నారు అనుకుని, దుప్పటి కప్పి మరీ...” ఆమె మాట తెగిపోయింది. కోడలి పాదం మీద చెయ్యి వేసి అలాగే ఉంచేసింది.

కేకులమ్మాయి గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. మళ్లీ మాట్లాడేసరికి గొంతులో ఏడుపు లేదు.

“అయితే ఇప్పుడు వెయ్యండి.”

“ఏంటి?”

“తట్టు. దాన్ని నడపొచ్చుగా ఇక్కడినుంచే? ఇందాక ఆపడానికే కదా ఇదంతా పెట్టారు. వెయ్యండి.”

“కడుపుతో ఉన్నవాళ్లకు వెయ్యకూడదమ్మా” అన్నాడు మాస్టారు.

“ఆగిపోతున్న గుండెకు వెయ్యకూడదా? నేను పోతే ఇది మాత్రం ఉంటుందా మాస్టారూ? ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి, పెడతా. నా ఒళ్లు. నేను ఒప్పుకుంటున్నా, మా అత్తయ్య సాక్షి.”

“సాక్షినే” అంది అత్తగారు.

సిస్టర్ మళ్లీ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. దారిలో ఉండి ఉంటాడు. మాస్టారు తెర మీది బటను దాకా మౌస్ బాణం తీసుకెళ్లి వదిలేశాడు. ‘తట్టు ప్రారంభించాలా?’ అని అడుగుతోంది తెర. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు.

“డాక్టరు గారు రానివ్వండి సిస్టరమ్మా. పది నిమిషాలు. ముప్పై ఏళ్లలో చెప్పనిది ఒక్కటీ నొక్కలేదు నేను.”

“పది నిమిషాలే కదా” అంది సిస్టర్, తనకు తనే సర్దిచెప్పుకుంటూ. “మెలకువగానే ఉంది కదా.”

కేకులమ్మాయి ఏదో అనబోయింది. “సిస్టర్, నాకు” అంది.

మాట అక్కడే నిలిచిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కాని అందులో ఆ అమ్మాయి లేదు. సిస్టర్ చేతిలో ఉన్న చెయ్యి ఒక్కసారిగా బరువెక్కింది. మానిటర్ మీద ఎగిరెగిరి పడుతున్న గీత సాపుగా అయిపోయింది.

ఒకటి, రెండు, మూడు. వార్డు రోజులనుంచీ వచ్చిన అలవాటు, సిస్టర్ పెదాలు వాటంతట అవే లెక్కపెట్టాయి. నాలుగు. “అమ్మాయ్! ఇటు చూడు!” ఐదు. భుజం పట్టి కుదిపింది. ఆరు. అత్తగారు కోడలి పేరు పెట్టి అరిచింది. ఏడు. సిస్టర్ లేచి రెండు చేతులూ ఛాతీ మధ్య పెట్టి గట్టిగా అదిమింది, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఎనిమిది, తొమ్మిది. “మాస్టారూ, వెయ్యండి!” మాస్టారి చెయ్యి ఒళ్లోంచి లేచి గాలిలో ఆగిపోయింది. పది.

పన్నెండు కోసం ఎదురుచూసే ఓపిక సిస్టర్‌కు లేదు. ఒక చెయ్యి ఛాతీ మీదే ఉంచి, మాస్టారి భుజం మీదుగా వంగి, రెండో చేత్తో తనే నొక్కేసింది.

కేకులమ్మాయి ఒళ్లు సన్నగా అదిరింది. మానిటర్ మీద ఒక నిలువు గీత లేచింది. వెంటనే ఇంకొకటి. ఇంకొకటి. ప్రతి గీతకూ రొమ్ము పక్కన చర్మం చిన్నగా ఎగిరిపడుతోంది. ఐదో గీతకు ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి లాగింది. కళ్లలోకి మళ్లీ మనిషి వచ్చింది.

“ఏమైంది? ఎవరో లోపలినుంచి తడుతున్నట్టుంది” అంది.

అత్తగారు కోడలి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తెర మీద ‘తట్టు నడుస్తోంది’ అన్న మాట వెలుగుతోంది.

తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరు వగరుస్తూ లోపలికి వచ్చి, ముందు మానిటర్ చూశాడు, తర్వాత తెర చూశాడు. నిలువు గీతల మీద ఆయన కళ్లు నిలిచిపోయాయి.

“ఎవరు వేశారిది?”

“నేనే సార్” అన్నాడు మాస్టారు, కూర్చున్న చోటినుంచే.

“కాదు. నేను” అంది సిస్టర్. “పది సెకన్లు ఆగింది సార్. మాస్టారు ముట్టుకోలేదు.”

ఆయన అరుస్తాడనుకుంది. అందుకు సిద్ధంగా కూడా ఉంది. ఆయన మాత్రం కేకులమ్మాయి పొట్ట వైపు చూస్తున్నాడు. వదులు చొక్కా పక్కకు తొలగింది. ఇప్పుడు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఆ చిన్న ఎత్తు.

“లోపలిది ఎలా ఉంది? తట్టు మొదలయ్యాక విన్నారా?”

ఎవరూ వినలేదు. ఎవరికీ తట్టనే లేదు. సిస్టర్ వరండాలో ఎవరు ఎదురొస్తున్నారో కూడా చూడకుండా పరుగెత్తింది. ప్రసూతి వార్డులో తన పాత బల్ల మీదినుంచి, బిడ్డ గుండె చప్పుడు వినిపించే చేతి యంత్రాన్ని అడగకుండానే లాక్కుని తిరిగి వచ్చింది. జెల్ రాస్తుంటే కేకులమ్మాయి ఉలిక్కిపడింది. “చల్లగా ఉంది” అంది.

యంత్రం గరగరమంది. సిస్టర్ బొడ్డు కిందుగా ఎడమవైపు పెట్టి వింది. తల్లి గుండె వినపడింది. బిళ్ల కొడుతున్న లెక్క ప్రకారం, తప్పకుండా, దబ్ దబ్‌మని. దాన్ని దాటి లోతుకు వెళ్లాలి. పద్దెనిమిది వారాల గుండె చిన్న గుర్రం పరుగెత్తినట్టు ఉంటుంది, వందలసార్లు విన్నది, మరిచిపోయే చప్పుడు కాదు. కుడివైపుకు జరిపింది. గరగర. కిందికి వంచింది. మళ్లీ తల్లిదే. ఇంకాస్త పక్కకు. గరగర.

“వినపడుతోందా సిస్టర్?” అంది కేకులమ్మాయి.

“ఉండమ్మా. కాస్త కదలకుండా ఉండు.”

“ఇంతకుముందు మా వీధి చివర క్లినిక్‌లో వింటే వెంటనే దొరికింది. పెట్టగానే దొరికింది.”

సిస్టర్ నుదుటి చెమట కనుబొమ మీదికి జారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అత్తగారు మంచం కమ్మీ పట్టుకుని, ఊపిరి కూడా చప్పుడు చేస్తుందేమోనన్నట్టు నిలబడి ఉంది. మాస్టారు తెర మీది బటను దగ్గరికి మళ్లీ బాణం తీసుకెళ్లాడు. ఈసారి ‘తట్టు ఆపాలా?’ అని అడుగుతోంది అది. ఆయన డాక్టరు వైపు చూశాడు.

ఆపితే తల్లి గుండె మళ్లీ ఆగిపోవచ్చు. ఆపకపోతే ఆ రెండో గుండెకు ఏమవుతుందో ఈ గదిలో ఉన్నవాళ్లకే కాదు, ఎక్కడా ఎవరికీ తెలియదు.

పెద్ద డాక్టరు కోటు విప్పి కుర్చీ మీద పడేసి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని సిస్టర్ వైపు చెయ్యి చాచాడు.

“ఆ యంత్రం ఇలా ఇవ్వండి” అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన గొంతు వణకడం సిస్టర్ వినడం అదే మొదటిసారి.